సోమవారం ఉదయం కూలెంట్ కంపు: పర్యావరణానికి నిజంగా మేలు చేసే మార్గం ఏది?

బాలానగర్_లేత్
హైదరాబాద్ బాలానగర్‌లో మాకు చిన్న జాబ్ షాపు ఉంది, ఆర్డర్ల మీద లోహపు భాగాలు కోసి ఇస్తాము. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ లేత్‌లు రెండు, వీఎంసీ అనే మిల్లింగు మెషీన్ ఒకటి, మా నాన్నగారి కాలం నాటి సర్ఫేస్ గ్రైండర్ ఒకటి ఉన్నాయి. ఈఎన్8 ఉక్కు షాఫ్టులు, అల్యూమినియం బ్రాకెట్లు, పోత ఇనుము పంపు కవర్లు, అప్పుడప్పుడు ఎస్ఎస్ 304 అనే స్టెయిన్‌లెస్ ఉక్కుతో ఫ్లాంజీలు చేస్తాము. అన్నింటికీ ఒకే సాల్యుబుల్ ఆయిల్‌ను (నీళ్లలో పాలలా కలిసే నూనెను) నీళ్లలో కలిపి, కోతను చల్లబరిచే కూలెంట్‌గా పోస్తున్నాము.

ఆదివారం సెలవు గడిచి సోమవారం షట్టర్ ఎత్తేసరికి కుళ్లిన కోడిగుడ్ల కంపు ముక్కు పగలగొడుతోంది. మా దగ్గర పనిచేసే ఇరవై రెండేళ్ల కుర్రవాడికి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు లేచాయి. అంతకన్నా నన్ను బాధపెడుతున్న విషయం మరొకటి ఉంది. పాడైన కూలెంట్‌ను ఇన్నాళ్లూ షాపు వెనుక కాలువలో పారబోస్తున్నారని నాకు పోయిన నెలలోనే తెలిసింది. వెంటనే ఆపించాను. ఇప్పుడు నాలుగు డ్రమ్ములు నిండి గోడ పక్కన నిలబడి ఉన్నాయి.

ఒక డీలరు మూడింతల ధరకు బయో కూలెంట్ కొనమంటున్నాడు. ఇంకొకాయన అసలు కూలెంటే వద్దు, కాస్త నూనెను తుంపరగా కొట్టే ఎంక్యూఎల్ కిట్టు బిగించుకోండి అంటున్నాడు. ఏది నమ్మాలి? డబ్బు పెట్టడానికి సిద్ధంగానే ఉన్నాను కానీ, పెట్టిన డబ్బుకు కాలువలోకి వెళ్లే విషం నిజంగా తగ్గాలి.

పాత_ఫిట్టర్
ఏదైనా కొనే ముందు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి. నీళ్లు ఎక్కడివి? ఆయిల్ శాతం ఎలా కొలుస్తున్నారు? ట్యాంకు మీద నల్లటి నూనె తెట్టు కడుతోందా?

ఆటోనగర్_మిల్లింగ్
మా విజయవాడ షాపులో వాసన వస్తే ఒక మూత ఫినాయిల్ పోస్తారు. రెండు రోజులు బాగానే ఉంటుంది.

రసాయన_రమ
ఫినాయిల్ దయచేసి పోయకండి. అది వాసనను కప్పిపెడుతుందే తప్ప మూలాన్ని తీయదు. పైగా ఆ ట్యాంకు ఖాళీ చేసిన రోజున పాడైన నూనెతో పాటు దాన్ని కూడా శుద్ధి చేయవలసి వస్తుంది. బ్లీచింగ్ పౌడరు పోసేవారిని కూడా చూశాను. అందులోని క్లోరిన్ వల్ల జాబు (కోస్తున్న లోహపు ముక్క) తుప్పు పడుతుంది, పాలలా ఉన్న ద్రావణం విరిగిపోతుంది.

ఆ కంపు ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. లేత్ బెడ్‌కు వేసే స్లైడ్‌వే ఆయిల్, హైడ్రాలిక్ నుంచి కారే ఆయిల్ మెల్లగా ట్యాంకులో చేరి పైన తెట్టులా పరుచుకుంటాయి. శనివారం రాత్రి పంపు ఆగగానే ఆ తెట్టు మూతలా పనిచేసి గాలిని లోపలికి పోనివ్వదు. ఆక్సిజన్ అయిపోయాక, గాలి అవసరం లేని బాక్టీరియా విజృంభించి నీటిలోని సల్ఫేట్లను హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తుంది. మీరు సోమవారం పీల్చేది అదే. పంపు తిరుగుతున్న రోజుల్లో గాలి కలుస్తూ ఉంటుంది కాబట్టి అంతగా తెలియదు.

బాలానగర్_లేత్
పాత ఫిట్టర్ గారూ, నీళ్లు బోరువి. శాతం కొలవడానికి మా దగ్గర పరికరం లేదు, రంగు చూసి పోస్తున్నాము, పాలలా తెల్లగా వస్తే చాలనుకుంటున్నాము. తెట్టు ఉంది, వేలు ముంచితే నల్లగా అంటుకుంటోంది.

పాత_ఫిట్టర్
మీ రోగం అక్కడే ఉంది. ఆయిల్ శాతం కొలిచే రిఫ్రాక్టోమీటరు ఒకటి కొనండి, పెద్ద ఖర్చేమీ కాదు. ఒక చుక్క గాజు మీద వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే గీత కనిపిస్తుంది. ఆ అంకెను ఆయిల్ కంపెనీ ఇచ్చిన గుణకంతో హెచ్చవేయాలి. గుణకం 1.5 అయి, గీత 4 దగ్గర ఉంటే మీ కూలెంట్ 6 శాతం అన్నమాట. చాలామంది గీత మీది అంకెనే శాతం అనుకుని మోసపోతారు.

ఇంకొక మాట. కలిపేటప్పుడు నీళ్లలో ఆయిల్ పోయాలి, ఆయిల్‌లో నీళ్లు పోయకూడదు. తిరగేసి కలిపితే చిక్కటి ముద్దలా తయారై, అది మళ్లీ సరిగా కరగదు.

రసాయన_రమ
బోరు నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ చుట్టుపక్కల షాపుల్లో సగం బాధలకు అదే కారణమని నా నమ్మకం.

మీ ట్యాంకు 200 లీటర్లు, బోరు నీటి కాఠిన్యం 600 పీపీఎం అనుకుందాము. రోజుకు 10 లీటర్ల నీరు ఆవిరైపోతుంది. ఆవిరైంది నీరే, అందులోని కాల్షియం, మెగ్నీషియం ట్యాంకులోనే ఉండిపోతాయి. మీరు మళ్లీ అదే బోరు నీటితో నింపుతారు. ఇరవై పని దినాలకు మరో 200 లీటర్ల నీటి లవణాలు ఆ ట్యాంకులోనే చేరి కాఠిన్యం దాదాపు 1,200కు పోతుంది. ఆ కాల్షియం, నూనెను నీళ్లలో కలిపి ఉంచే ఎమల్సిఫయర్‌తో కలిసి సబ్బు ముద్దలా గట్టిపడుతుంది. గట్టి నీళ్లలో బట్టల సబ్బు నురగ రాకుండా తెల్లటి పిండిలా తేలడం మీరు చూసే ఉంటారు, ఇదీ అదే చర్య. ఎమల్సిఫయర్ తగ్గితే నూనె విడిపోతుంది, జాబుకు తుప్పు వస్తుంది, బాక్టీరియాకు పండగ అవుతుంది. ఆరు నెలలు బతకవలసిన కూలెంట్‌ను ఆరు వారాలకే పారబోస్తారు. ఆర్వో నీటితో కలపడం మొదలుపెడితే పారబోసే డ్రమ్ముల సంఖ్య దానంతట అదే తగ్గుతుంది. మెత్తటి నీళ్లలో నురగ ఎక్కువ వస్తే ఆయిల్ కంపెనీని అడిగి తగిన రకం తీసుకోండి. తర్వాత నింపేటప్పుడు కూడా ఉత్త నీళ్లు పోయకుండా 1 నుంచి 2 శాతం పలుచటి ద్రావణం పోయండి.

కూలెంట్ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.5కూ 9.5కూ మధ్య ఉండాలి. అది 8.5 కన్నా దిగజారుతుంటే బాక్టీరియా పెరిగి ఆమ్లాలు విడుదల చేస్తోందని అర్థం. పీహెచ్ కాగితం ముక్కతో ప్రతి సోమవారం చూడవచ్చు.

కొత్త_ఇంజనీరు
కుర్రవాడి చేతుల దద్దుర్లకు గ్లౌజులు వేయిస్తే సరిపోదా?

పాత_ఫిట్టర్
తిరుగుతున్న జాబు దగ్గర, డ్రిల్లు దగ్గర గ్లౌజు ఎప్పుడూ వద్దు బాబూ. జాబును పట్టి తిప్పే చక్ గ్లౌజును పట్టుకుంటే చేతిని వదలదు. ట్యాంకు శుభ్రం చేసేటప్పుడు, ఆయిల్ కలిపేటప్పుడు మాత్రం నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. మెషీన్ దగ్గర పనికి ముందు రాసుకునే బారియర్ క్రీము, పని అయ్యాక మంచి సబ్బు, పొడి గుడ్డ ఉండాలి. చిప్స్ (కోతలో రాలే లోహపు తునకలు) తుడిచిన పాత గుడ్డతోనే చేతులు తుడుచుకోవడం మన వాళ్లకు అలవాటు. ఆ గుడ్డలోని సన్నటి రజను చర్మాన్ని గీరితే, ఆ గీతల్లోకి కూలెంట్ దిగుతుంది.

రసాయన_రమ
పాత ఫిట్టర్ గారు చెప్పినది అక్షరాలా నిజం. కుర్రవాడిని ముందు చర్మ వైద్యుడికి చూపించండి. రంగు చూసి పోస్తున్నామన్నారు కాబట్టి, మీ కూలెంట్ ఒకరోజు 3 శాతం, ఒకరోజు 12 శాతం ఉండి ఉండవచ్చు. మోతాదు మించితే అందులోని క్షారం, ఎమల్సిఫయర్ చర్మంలోని సహజమైన కొవ్వును కడిగేస్తాయి.

డెట్రాయిట్_వాసి
నేను అమెరికాలో కార్ల ఇంజన్ భాగాలు చేసే లైన్లలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఎంక్యూఎల్ గురించి అడిగారు కాబట్టి చూసినది చెబుతాను.

మామూలు పద్ధతిలో నిమిషానికి కొన్ని లీటర్ల నుంచి పదుల లీటర్ల దాకా కూలెంట్ పోస్తాము. ఎంక్యూఎల్‌లో గంటకు 10 నుంచి 100 మిల్లీలీటర్ల లోపు నూనెను గాలితో కలిపి సన్నటి తుంపరగా సరిగ్గా కోత జరిగే చోటుకు పంపుతాము. అందులో చాలాభాగం అక్కడికక్కడే ఖర్చయిపోతుంది కాబట్టి ట్యాంకు లేదు, కుళ్లడం లేదు, డ్రమ్ములు లేవు, చిప్స్ దాదాపు పొడిగా వస్తాయి. 1990లలో జర్మన్ కార్ల పరిశ్రమ లెక్కలు వేసుకున్నప్పుడు కూలెంట్ కొనుగోలు, పంపులు, వడపోత, పారబోత అన్నీ కలిపి తయారీ ఖర్చులో 7 నుంచి 17 శాతం అవుతున్నట్టు, టూళ్ల ఖర్చు 2 నుంచి 4 శాతమే ఉన్నట్టు తేలింది. టూళ్ల మీద పైసా పైసా చూసుకునే వారు కూలెంట్ ఖర్చును ఎవరూ లెక్కలో వేయలేదని అప్పుడు గ్రహించారు.

అయితే ఒక హెచ్చరిక ఉంది. కూలెంట్ మూడు పనులు చేస్తుంది: జారుడు ఇస్తుంది, చల్లబరుస్తుంది, చిప్స్‌ను కొట్టుకుపోతుంది. ఎంక్యూఎల్ మొదటి పని బాగా చేస్తుంది, రెండవది కొద్దిగా చేస్తుంది, మూడవది చేయలేదు. మా లైన్లలో మెషీన్లను ఆ పద్ధతి కోసమే కట్టారు. లోపలి గోడలు నిటారుగా ఉంటాయి, వేడి చిప్స్ ఎక్కడా ఆగకుండా కిందికి జారిపోతాయి, నూనె టూలు లోపలి రంధ్రం గుండా మొన దాకా వస్తుంది. పాత వీఎంసీకి పక్కన ఒక నాజిల్ బిగించి అదే ఫలితం ఆశించకండి.

చదువరి_చర్లపల్లి
డెట్రాయిట్ గారి మాటలో చివరి వాక్యంతో నేను ఏకీభవించను. మా చర్లపల్లి షాపులో పదకొండేళ్ల నాటి వీఎంసీకే బయటి నాజిళ్లు రెండు బిగించి అల్యూమినియం పని మొత్తం చేస్తున్నాము. లోతైన డ్రిల్లింగు కాకుండా, పైపై మిల్లింగు, పాకెట్లు, అంచుల పని అయితే చక్కగా జరుగుతుంది.

కిట్టు కొన్నవారిలో చాలామంది విఫలమయ్యేది నాజిల్ అమరికలోనే. మొదటి వారం మేమూ నూనె ఎక్కువ వదిలి షాపంతా పొగమంచు చేసుకున్నాము. తర్వాత ఒక పద్ధతి పట్టుబడింది. నాజిల్ ముందు తెల్ల కాగితం పట్టుకుని పది సెకన్లు వదలాలి. కాగితం మీద చుక్కలు కారితే ఎక్కువైనట్టు, వేలితో తాకితే మసక తడి మాత్రమే తగిలితే సరిపోయినట్టు. మా మెషీన్‌లో నాజిల్ మొన కట్టరుకు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, చిప్ ఎగిరే వైపు నుంచి కాకుండా పన్ను కోతలోకి దిగబోయే వైపు నుంచి కొడుతుంది. చిప్ ఎగిరే వైపు నుంచి కొడితే ఆ చిప్పే తుంపరను అడ్డుకుంటుంది.

డెట్రాయిట్_వాసి
చదువరి గారూ, పైపై మిల్లింగు వరకు మీ మాట ఒప్పుకుంటున్నాను. నేను వ్యాసానికి మూడు రెట్లకు మించిన లోతు ఉన్న రంధ్రాలను మనసులో పెట్టుకుని అన్నాను. అక్కడ బయటి తుంపర మొన దాకా చేరదు.

రసాయన_రమ
తుంపర మాట వచ్చింది కాబట్టి ఊపిరితిత్తుల మాట కూడా రావాలి. నూనె తక్కువ వాడుతున్నాము కాబట్టి గాలి శుభ్రంగా ఉందని అనుకోకూడదు. ఎంక్యూఎల్‌లో బిందువులు ఎంత సన్నగా ఉంటే అంత లోతుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 1998లో ఘనపు మీటరు గాలిలో ఇటువంటి తుంపర 0.4 మిల్లీగ్రాములకు మించకూడదని సిఫారసు చేసింది. అది శ్వాసనాళం లోపలికి వెళ్లగల సన్నటి బిందువుల లెక్క. తలుపు తీసి ఉన్న మెషీన్ మీద ఎంక్యూఎల్ నడిపితే కాలువను కాపాడి కార్మికుడిని చెరిచినట్టు అవుతుంది. మెషీన్‌కు మూత ఉండాలి, పైన తుంపరను లాగి వడగట్టే యంత్రం ఉండాలి, తలుపు తీసే ముందు అర నిమిషం ఆగాలి.

చదువరి_చర్లపల్లి
మంచి మాట చెప్పారు. మేము మిస్ట్ కలెక్టరు తర్వాత పెట్టించుకున్నాము, మొదటే పెట్టవలసింది. కంప్రెసరు కరెంటు బిల్లు కూడా చూసుకోవాలి. గాలి పైపుల్లో లీకులు ఉంటే ఎంక్యూఎల్ మిగిల్చింది మీటరులో పోతుంది.

పీణ్య_తెలుగు
ఇంతమంది ఇన్ని చెప్పారు కానీ, అసలేమీ పోయకుండా కోయడం గురించి ఎవరూ అనలేదు. బాలానగర్ గారూ, మీ పోత ఇనుము కవర్లకు కూలెంట్ ఎందుకు పోస్తున్నారు? పోత ఇనుములో గ్రాఫైటు పొరలు ఉంటాయి, అదే జారుడు ఇస్తుంది, చిప్ పొడిపొడిగా రాలుతుంది. పైగా ఆ నల్లటి పొడి కూలెంట్‌లో కలిస్తే ట్యాంకు అడుగున బురద కట్టి మీ కంపును పెంచుతుంది. పొడిగా చేయండి, దుమ్మును లాగే యంత్రం ఒకటి పెట్టండి.

రెండవ విషయం. బెంగుళూరులో మేము గట్టిపరిచిన డై ఉక్కును మిల్లింగు చేస్తాము. నేను చేరిన కొత్తలో ఇన్సర్టులు (కట్టరుకు బిగించే కార్బైడు పళ్లు) త్వరగా పోతున్నాయని కూలెంట్ ఇంకా ధారగా పోశాము. ఇన్సర్టులు ఇంకా త్వరగా పోయాయి. భూతద్దం కింద పెట్టి చూస్తే అంచుకు అడ్డంగా దువ్వెన పళ్లలా వరుసగా పగుళ్లు కనిపించాయి. మిల్లింగులో పన్ను కోతలో ఉన్నప్పుడు కాలిపోతుంది, బయటికి రాగానే కూలెంట్ తగిలి చల్లబడుతుంది, నిమిషానికి వేలసార్లు ఇలా జరిగితే కార్బైడు అలసి పగులుతుంది. అల్యూమినియం, టైటానియం నైట్రైడు కలిసిన పూత ఉన్న కట్టరు తీసుకుని, ఉత్త గాలి ఊదుతూ చేస్తే అదే కట్టరు ఎక్కువ జాబులు చేసింది. ఆ పూత వేడిలో పైన అల్యూమినియం ఆక్సైడు పొరను తయారుచేసుకుని లోపలికి వేడి పోకుండా అడ్డుకుంటుంది. వేడిలో ఎక్కువ భాగం చిప్‌తో పాటే వెళ్లిపోతుంది.

కొత్త_ఇంజనీరు
అయితే అల్యూమినియం కూడా పొడిగా చేయవచ్చా?

పీణ్య_తెలుగు
చేయకండి. అల్యూమినియం మెత్తగా కట్టరుకు అంటుకుని పన్ను మీద మరో పన్నులా పేరుకుంటుంది, జాబు గరుకుగా వస్తుంది. అక్కడ చదువరి గారి తుంపరే సరైనది. ఏ లోహం, ఏ కోత అన్నది చూడకుండా షాపుకంతటికీ ఒకే మందు అడగడమే పొరపాటు.

గ్రైండింగ్_మాస్టర్
బాలానగర్ గారి సర్ఫేస్ గ్రైండర్ మీద ఎవరూ ఎంక్యూఎల్ ప్రయోగం చేయించకండి. టర్నింగులో (లేత్ మీది కోతలో) వేడి చిప్‌తో పోతుంది, గ్రైండింగులో మాత్రం ఎక్కువ వేడి జాబులోకే దిగుతుంది. నేను ఒకసారి గట్టిపరిచిన ప్లేట్లకు కూలెంట్ ధార పక్కకు జరిగిన సంగతి చూసుకోకుండా పని కానిచ్చాను. మెరుపు అద్దంలా ఉంది. యాసిడ్ పూసి చూస్తే గోధుమ రంగు చారలు బయటపడ్డాయి, అక్కడ ఉక్కు మెత్తబడింది. పద్నాలుగు ప్లేట్లు తుక్కులో పోయాయి.

అక్కడ ధార కావాలి. కానీ ఎంత పోశామన్నది కాదు, గ్రైండింగు వీలుకు (అరగదీసే చక్రానికి) తగిలిందా అన్నది ముఖ్యం. వీలు తిరిగే వేగానికి దాని చుట్టూ గాలి గోడలా తిరుగుతుంది, నెమ్మదైన ధార ఆ గోడకు తగిలి చెదిరిపోతుంది. నాజిల్ మూతిని సన్నగా చేసి ధార వేగాన్ని వీలు వేగానికి దగ్గరగా తెస్తే తక్కువ కూలెంట్‌తోనే పని జరుగుతుంది. ఒక కాగితపు వడపోత, ఒక మాగ్నెటిక్ సెపరేటర్ పెడితే ఆ ద్రావణం చాలా కాలం నిలుస్తుంది.

టైటానియం_పని
నేను విమాన భాగాలు చేసే చోట పనిచేస్తాను కాబట్టి ద్రవ నైట్రోజన్ గురించి రెండు మాటలు చెబుతాను. టైటానియం మిశ్రమం ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి సుమారు 7 వాట్లు, మామూలు ఉక్కుది 50 దరిదాపుల్లో ఉంటుంది. అంటే వేడి జాబులోకి గానీ చిప్‌లోకి గానీ పారిపోలేక టూలు మొన మీదే కూర్చుంటుంది. అక్కడ −196 డిగ్రీల వద్ద మరిగే ద్రవ నైట్రోజన్‌ను మొన దగ్గరకు పంపితే టూలు ఆయుష్షు పెరుగుతుంది, పని అయ్యాక అది ఆవిరై గాలిలో కలిసిపోతుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే కాబట్టి మిగిలే మురికి లేదు, జాబును కడగనక్కరలేదు.

కానీ దీన్ని పూర్తిగా పచ్చని పద్ధతి అనడానికి నా మనసు ఒప్పదు. గాలిని ద్రవంగా మార్చడానికి చాలా కరెంటు ఖర్చవుతుంది, వాడిన నైట్రోజన్ తిరిగి రాదు. మూసిన గదిలో లీకైతే ఆక్సిజన్ తగ్గిపోతుంది, దానికి వాసన లేదు కాబట్టి మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా దిగితే మోగే అలారం లేకుండా ఆ గదిలోకి మమ్మల్ని అడుగు పెట్టనివ్వరు. మీ ఈఎన్8 షాఫ్టులకు ఇది అవసరం లేదు.

ఆటోనగర్_మిల్లింగ్
వంట నూనెల సంగతి ఏమిటి? మా తాతగారు ట్యాపింగుకు (రంధ్రంలో మరలు కోయడానికి) ఎప్పుడూ ఆముదమే వాడేవారు. చిన్న గిన్నెలో కుంచె వేసి ఉండేది. ఇప్పుడు బయో అని మూడింతల ధరకు అమ్మేది అదేనా?

చదువరి_చర్లపల్లి
మీ తాతగారు సరిగ్గానే చేశారు. మొక్కల నూనె అణువుకు ఒక చివర లోహాన్ని పట్టుకునే గుణం ఉంటుంది, అందుకే పలుచటి పొరగా ఉపరితలాన్ని అంటిపెట్టుకుంటుంది. ఖనిజ నూనెకు ఆ గుణం తక్కువ, అందుకే దానికి రసాయనాలు కలుపుతారు. మన దేశంలోనే ఈ పని మీద మంచి పరిశోధన జరిగింది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎస్ఎస్ 304 టర్నింగుకు కొబ్బరి నూనె, నీళ్లలో కలిపిన ఎమల్షన్, నీళ్లు కలపని ఉత్త కటింగ్ ఆయిల్ మూడింటినీ పోల్చితే టూలు అరుగుదల, నునుపు రెండింటిలోనూ కొబ్బరి నూనె ముందుంది. మరుసటి ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో నానో బోరిక్ ఆమ్లాన్ని కొబ్బరి నూనెలో కలిపి ఉక్కు మీద ప్రయత్నించారు, అదీ మేలైన ఫలితమే ఇచ్చింది.

రసాయన_రమ
బోరిక్ ఆమ్లం దగ్గర నేను అభ్యంతరం చెబుతాను. ఐరోపా నిబంధనల్లో దాన్ని సంతాన సామర్థ్యానికి హాని చేసే పదార్థాల్లో చేర్చారు. టూలుకు మేలు చేసింది కదా అని తుంపరగా గాలిలోకి వదలడానికి నేను ఒప్పుకోను. మనిషికి ఏమవుతుందో చూడకుండా టూలు అరుగుదల ఒక్కదాన్నే కొలిచి పర్యావరణహితం అని పేరు పెట్టడం సరికాదు.

మొక్కల నూనెకూ బలహీనత ఉంది. అణువులోని జంట బంధాల దగ్గర ఆక్సిజన్ చేరి చిక్కబడి బంకలా మారుతుంది. బూరెల మూకుడు అంచున గట్టిపడే నూనె మరక తెలుసు కదా, మెషీన్ గోడల మీద అదే వస్తుంది. కొబ్బరి నూనెలో జంట బంధాలు తక్కువ కాబట్టి బంక కట్టదు, కానీ 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. జనవరి ఉదయం హైదరాబాద్‌లో మీ గొట్టం మూసుకుపోతుంది. ఆముదం గడ్డకట్టదు కానీ మరీ చిక్కన, సన్న నాజిల్‌లో నడవదు. అందుకే మంచి ఎంక్యూఎల్ నూనెలను మొక్కల నూనె నుంచే తీసిన ఎస్టర్లతో తయారుచేస్తారు. తినడానికి పనికిరాని కానుగ, వేప నూనెల మీద కూడా ప్రయత్నాలు జరుగుతున్నాయి. రోడ్ల పక్కన కానుగ చెట్లు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ దారి మనకు దగ్గరిది అనిపిస్తుంది.

ఆటోనగర్_మిల్లింగ్
కొబ్బరి నూనె గడ్డకట్టే సంగతి తలకు రాసుకునే సీసా చూసి కూడా నాకు తట్టలేదు. ఇక తాతగారి గిన్నె మళ్లీ బయటికి తీస్తాను.

బాలానగర్_లేత్
అందరికీ ధన్యవాదాలు. బయో అని రాసి ఉన్న కూలెంట్ కొంటే పాడైనప్పుడు కాలువలో పోయవచ్చని డీలరు అంటున్నాడు. నిజమేనా? ఇంకా ఈ నాలుగు డ్రమ్ములను ఏం చేయాలి?

రసాయన_రమ
అబద్ధం. డబ్బాలో ఉన్నప్పుడు నూనె ప్రకృతిలో కరిగేదే కావచ్చు. వాడిన తర్వాత అందులో లోహపు రజను, బెడ్ ఆయిల్, బాక్టీరియాను చంపే మందు అన్నీ ఉంటాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన నూనె, నూనె కలిసిన నీరు ప్రమాదకర వ్యర్థాలే. పాత తరహా కటింగ్ ఆయిల్ ఏదైనా వాడుతుంటే క్లోరినేటెడ్ పారఫిన్లు ఉన్నాయేమో కూడా అడగండి. వాటిలో పొట్టి గొలుసు రకాన్ని 2017లో స్టాక్‌హోమ్ ఒప్పందం (నశించని విషాలపై దేశాల మధ్య ఒప్పందం) నిషేధ జాబితాలో చేర్చారు, ఎందుకంటే అవి ఏళ్ల తరబడి నశించకుండా చేపల్లోనూ మనుషుల్లోనూ పేరుకుంటాయి.

డ్రమ్ములకు చీటీ అంటించి తేదీ రాయండి. సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ చేయకూడదు, చిన్న యూనిట్లకు కాలుష్య నియంత్రణ మండలి గడువు పెంచవచ్చు. మండలి అనుమతి ఉన్న సేకరణదారుకే అప్పగించి ఫారం 10 మానిఫెస్టు (వ్యర్థాల రవాణా పత్రం) ప్రతి దాచుకోండి. దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది. నాలుగు డ్రమ్ములకు లారీ ఖర్చు భారమనిపిస్తే మీ వీధిలోని షాపులు కలిసి పంపండి.

పాత_ఫిట్టర్
ఇంత చర్చలో ఒక దారి ఎవరూ చూడలేదు. తడి చిప్స్ ఎక్కడ పోస్తున్నారు? చాలా షాపుల్లో కూలెంట్ కాలువకన్నా తుక్కు కుప్ప ద్వారానే ఎక్కువ పోతుంది. వాన పడ్డ రోజు మీ తుక్కు కుప్ప కింద నేల చూడండి, ఇంద్రధనుస్సు రంగులు తేలుతాయి. కుప్ప మీద రేకు వేయించండి. కింద వాలుగా ట్రే పెట్టి ఒక రాత్రి ఆరనిస్తే కారినది వడగట్టి ట్యాంకులో పోసుకోవచ్చు. పొడి చిప్స్‌కు తుక్కువాడు ధర కూడా ఎక్కువ ఇస్తాడు.

బాలానగర్_లేత్
రెండు నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను, చెప్పకుండా ఉండడం న్యాయం కాదు.

ముందు రెండు లేత్‌ల ట్యాంకులు పూర్తిగా ఖాళీ చేసి కడిగాము. రంధ్రాల రేకు ఎత్తి చూస్తే అడుగున బెత్తెడు మందాన నల్లటి బురద ఉంది, పారతో గీకితే జిగురులా సాగింది. అది తీయకుండా ఎన్ని కూలెంట్లు మార్చినా లాభం లేకపోయేది. ఆర్వో నీళ్లు, రిఫ్రాక్టోమీటరు, పీహెచ్ కాగితాలు వచ్చాయి. తెట్టు తీసే బెల్ట్ స్కిమ్మరు పెట్టించాను. ఆదివారాలు చేపల తొట్టి గాలి పంపు ఒకటి ట్యాంకులో బుడగలు వదులుతుంది. గోడ మీద కాగితం పెట్టి ప్రతి సోమవారం శాతం, పీహెచ్ కుర్రవాడే రాస్తున్నాడు. ఎనిమిది సోమవారాలుగా షట్టర్ ఎత్తితే కంపు లేదు. పాత నూనె కంపెనీదే వాడుతున్నాము, మూడింతల ధరది కొనలేదు.

పోత ఇనుము పొడిగా చేస్తున్నాము. వీఎంసీ మీద అల్యూమినియానికి ఎస్టర్ నూనెతో ఎంక్యూఎల్ పెట్టాము, మిస్ట్ కలెక్టరు కూడా అదే రోజు బిగించాము. తెల్ల కాగితం పరీక్ష బాగా ఉపయోగపడింది. ఎనిమిది గంటల షిఫ్టుకు నూనె 250 మిల్లీలీటర్లు కూడా కావడం లేదు. గ్రైండర్‌కు మాత్రం ధారే ఉంచి నాజిల్ మూతి సన్నగా చేయించాను. డ్రమ్ములు మానిఫెస్టుతో వెళ్లిపోయాయి, మా పక్క షాపువారి మూడు డ్రమ్ములు కూడా అదే బండిలో వెళ్లాయి. కుర్రవాడి చేతుల మీద మచ్చలు ఉన్నాయి కానీ దురద లేదు, వైద్యుడు మందు ఆపేశారు.

ఒక బాధ మిగిలింది. ఎస్ఎస్ 304లో ఎం6 (6 మిల్లీమీటర్ల మర) ట్యాపింగు ఎంక్యూఎల్‌తో ప్రయత్నిస్తే వారంలో మూడు ట్యాపులు విరిగాయి.

పాత_ఫిట్టర్
తుంపర ట్యాపు పళ్ల మధ్యకు చేరడం లేదు. స్టెయిన్‌లెస్ కోసుకుంటూనే గట్టిపడే లోహం, ట్యాపు ఒక్క క్షణం ఎండినా పట్టేస్తుంది. ముందు డ్రిల్లు సైజు చూడండి. 5 మిల్లీమీటర్లు వేస్తుంటే, డ్రాయింగు ఒప్పుకుంటే 5.1 వేయండి. ఆ ఒక్క పనికి తుంపర ఆపి, ప్రోగ్రాములో విరామం పెట్టి ప్రతి రంధ్రానికీ కుంచెతో రెండు చుక్కలు అద్దించండి.

ఆటోనగర్_మిల్లింగ్
ఆ కుంచెలోకి ఆముదం పోసి చూడండి. మా షాపులో ఈ నెల ఎం6లు నూట ఇరవై రంధ్రాలు కొట్టాము, అదే ట్యాపు ఇంకా నడుస్తోంది.

బాలానగర్_లేత్
డ్రిల్లు, ఆముదం రెండూ ఈ సాయంత్రమే తెప్పిస్తున్నాను. మంగళవారం ఫ్లాంజీలు ఎక్కుతాయి, ఎన్ని రంధ్రాలకు ట్యాపు నిలిచిందో లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను.